కాలనీ సీసీ కెమెరా రైలు పట్టాల వైపు ఉంది. నిజంగా ప్రమాదమా, ఊరికే భయమా?

దర్గా_కాజీపేట
మా కాలనీలో అరవై ఇళ్ల దాకా ఉంటాయి. దొంగతనాలు ఎక్కువయ్యాయని కమిటీ వాళ్లు చందాలు వేయించి పోయిన ఏడాది సీసీ కెమెరాలు పెట్టించారు. ఏడో నంబర్ కెమెరా వెనక గోడ మీద ఉంది, సరిగ్గా రైలు కట్ట వైపు. పోయే ప్రతి బండీ కనిపిస్తుంది, రాత్రిపూట కూడా. మొన్న మీటింగ్‌లో మిలిటరీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన లేచి, "ఆ కెమెరా అటు నుంచి తిప్పండి, కాజీపేట మీదుగా ఏం పోతుందో మీకేం తెలుసు" అన్నాడు. సెక్రటరీ నవ్వి, "పాకిస్తానోడికి మన కాలనీ కుక్కలను చూసుడే పనా" అన్నాడు. అంతే, గొడవ. సగం మంది అటు, సగం మంది ఇటు.

సమాచారం కోసం: అందరి ఫోన్లలో ఒకే యాప్, ఒకే పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూప్‌లో పిన్ చేసి ఉంది. డబ్బా చైనాదో, మనదో ఎవరికీ గుర్తు లేదు. పెద్దాయన మాటలో పస ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి, భయపెట్టకండి.

ఊరికే_చూస్తా
పాస్‌వర్డ్ పిన్ చేసి పెట్టారా! పాపం, హ్యాకర్లకు పని లేకుండా చేశారు.

ప్యాకెట్_ట్రేసర్
పస ఉంది. అచ్చం మీ కాలనీ లాంటి కేసే ఒకటి జరిగింది. 2024 జనవరి 2న రష్యా కీవ్ మీద మిసైళ్లు, డ్రోన్లు వదిలింది. ఆ రోజు రెండు కెమెరాలను రష్యా వాళ్లు చేజిక్కించుకున్నారని ఉక్రెయిన్ భద్రతా సంస్థ ప్రకటించింది. ఆ రెండూ మిలిటరీ కెమెరాలు కావు. ఒకటి అపార్ట్‌మెంట్ వాళ్లు చుట్టుపక్కల చూసుకోవడానికి పెట్టుకున్నది, ఇంకోటి పార్కింగ్ కోసం పెట్టింది. మొదటిదాని ముఖం తిప్పి, యూట్యూబ్‌లో లైవ్ పెట్టి, గగనతల రక్షణ తుపాకులు ఎక్కడి నుంచి పేలుతున్నాయో చూసుకున్నారు. యుద్ధం మొదలైనప్పటి నుంచి అప్పటికి ఉక్రెయిన్ ఇలాంటి కెమెరాలు దాదాపు 10,000 ఆపేయించింది.

కుక్కల కోసం ఎవరూ చూడరు, నిజమే. కుక్కల వెనక ఏం కనిపిస్తుందో దాని కోసం చూస్తారు.

భద్రకాళి_బండ్
కీవ్ ఎక్కడ, కాజీపేట ఎక్కడ? అది బాంబులు పడే ఊరు. ఇక్కడ పడేది వాన, అది కూడా ఎప్పుడో. ప్రతిదానికీ "హైబ్రిడ్ యుద్ధం" అని పేరు పెట్టి జనాన్ని టెన్షన్ పెట్టే వీడియోలు ఎక్కువైపోయాయి.

ప్యాకెట్_ట్రేసర్
@భద్రకాళి_బండ్ సరే, బాంబులు పడని ఊళ్ల సంగతే చెప్తా. 2025 మే నెలలో అమెరికా, బ్రిటన్, జర్మనీ, ఇంకా చాలా దేశాలు కలిసి ఒక హెచ్చరిక ఇచ్చాయి. రష్యా మిలిటరీ ఇంటెలిజెన్స్‌లోని 26165 అనే యూనిట్ సరిహద్దు దాటే చోట్ల, రైల్వే స్టేషన్ల దగ్గర ఉన్న ప్రైవేట్ కెమెరాల్లోకి దూరడానికి ప్రయత్నించిందని దాని సారం. ఉక్రెయిన్‌కు సాయం మోసే బండ్లు ఎప్పుడు, ఎటు పోతున్నాయో లెక్క పెట్టడానికి. ఎక్కువ కెమెరాలు ఉక్రెయిన్‌వే, కానీ దాదాపు పది శాతం రొమేనియావి. పోలండ్, హంగరీ, స్లొవేకియాలవి కూడా ఉన్నాయి. ఆ దేశాలేవీ యుద్ధంలో లేవు. వాడిన కిటుకు కూడా పెద్దదేం కాదు. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను వెతకడం, మార్చిన చోట వరసగా పాస్‌వర్డ్‌లు కొట్టి చూడటం. అంతే.

యుద్ధం ప్రకటించకుండానే యుద్ధం పనులన్నీ చేసుకుంటూ పోవడాన్నే హైబ్రిడ్ అంటున్నారు. వీడియోలు తీసేవాళ్లు అతి చేస్తారు, ఒప్పుకుంటా. అంత మాత్రాన సంగతి అబద్ధం కాదు.

పాత_హవల్దార్
మీ కాలనీ పెద్దాయన నేను కాదు, కానీ ఆయన మాట నా మాటే. కాజీపేట అంటే ఉత్తరం నుంచి బల్హార్షా మీదుగా దిగిన లైను సికింద్రాబాద్ వైపు ఒకటి, విజయవాడ వైపు ఒకటి చీలే చోటు. పటాలం కదిలితే బండ్లు, తుపాకులు ఫ్లాట్ వ్యాగన్ల మీద టార్పాలిన్ కప్పుకుని పోతాయి. ఒక కెమెరాలో ఒక రేక్ (వ్యాగన్ల వరస) కనిపిస్తే ఎవడికీ ఏమీ అర్థం కాదు. కానీ పది స్టేషన్ల దగ్గర పది కెమెరాలు దొరికితే, ఏ టైముకు ఎక్కడ దాటింది, ఎన్ని వ్యాగన్లు, వెనక్కి ఖాళీగా పోయిందా నిండుగా పోయిందా, అన్నీ తేలిపోతాయి. మా కాలంలో ఆ పనికి ఒక మనిషి స్టేషన్ బయట చాయ్ కొట్టు పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. వాడికి జీతం ఇవ్వాలి, దొరికితే జైలు. ఇప్పుడు చందాలు వేసుకుని మనమే పెట్టించి ఇస్తున్నాం.

ఊరికే_చూస్తా
చాయ్ కొట్టువాడు చాయ్ అయినా పోసేవాడు సార్.

జై_హింద్_హుజూరాబాద్
ఇందులో చర్చ ఏముంది? చైనా డబ్బాలన్నీ పీకి పారేయాలి. దేశంలో ఒక్కటి కూడా ఉండకూడదు.

ప్యాకెట్_ట్రేసర్
@జై_హింద్_హుజూరాబాద్ పీకడం మొదలుపెడితే ముందు సర్కారు ఆఫీసుల్లోనే పీకాలి. అక్కడ దాదాపు 10 లక్షల కెమెరాలు చైనా కంపెనీలవని 2021లో కేంద్ర మంత్రే లోక్‌సభలో చెప్పారు. తర్వాత రూలు మార్చారు. 2025 ఏప్రిల్ 9 నుంచి కేంద్రం పెట్టిన ఎస్‌టీక్యూసీ పరీక్ష పాసైన కెమెరాలే అమ్మాలి. లోపలి చిప్పు ఏంటి, సాఫ్ట్‌వేర్ ఏంటి, డేటా ఎటు పోతుంది అన్నీ చూస్తారు. మంచి రూలే. కానీ అంతకుముందు గోడ ఎక్కినవి గోడ మీదే ఉన్నాయి.

ఇంకో మాట. మీరు భారతీయ కెమెరానే కొని పాస్‌వర్డ్ 12345 పెడితే, దేశభక్తితో తలుపు తీసి పెట్టినట్టే. 2016లో మిరాయ్ అని ఒక వైరస్ వచ్చింది. అది కెమెరాలు, రికార్డింగ్ డబ్బాలైన డీవీఆర్‌లు, రౌటర్ల మీద అరవై చిల్లర మామూలు పాస్‌వర్డ్‌లు వరసగా కొట్టి చూసేది. పట్టుకున్న డబ్బాలతో ఒకేసారి వెబ్‌సైట్ల అడ్రసులు చూపించే ఒక కంపెనీ మీద పడితే అక్టోబర్ 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. దాన్ని రాసింది ఏ దేశం గూఢచారులో కాదు, కాలేజీ వయసు పోరగాళ్లు. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల గొడవల్లో పుట్టింది.

లాయరమ్మ_హన్మకొండ
అందరూ రైలు గురించే మాట్లాడుతున్నారు. ఆ కాలనీ ఆడవాళ్ల గురించి ఒక్కరూ అడగలేదు. అరవై ఇళ్లకు ఒకే పాస్‌వర్డ్ అంటే, ఏ అమ్మాయి ఎన్ని గంటలకు ఇంటికొచ్చింది, ఎవరి బండి మీద దిగింది, ప్రతి మగాడి ఫోన్‌లో ఉంటుంది. అద్దె ఖాళీ చేసి పోయినవాళ్ల ఫోన్‌లో కూడా. రష్యా దాకా పోవాల్సిన పని లేదు. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి కెమెరా వీడియోలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి పెట్టిన కేసు గుర్తుందా? అక్కడ కూడా 'అడ్మిన్' అనే మాటతోనే పెట్టిన పాస్‌వర్డే.

రెండోది. శత్రువు పేరు చెప్పి కెమెరాలు పెంచేది మన సర్కార్లే కదా. 2013 ప్రజా భద్రత చట్టం ప్రకారం వంద మంది గుమిగూడే దుకాణం, హాలు, హాస్టల్ ఏదైనా కెమెరా పెట్టాలి, 30 రోజుల రికార్డింగ్ దాచాలి. పైగా 'నేను సైతం' పథకం కింద పోలీసులే కాలనీల్లో పెట్టించారు. పెట్టమనేవాళ్లు చాలామంది, ఎలా కాపాడాలో చెప్పేవాళ్లు లేరు. 2021లో పెగాసస్ అనే ఫోన్ నిఘా సాఫ్ట్‌వేర్ గొడవ బయటపడితే సుప్రీంకోర్టు కమిటీ వేసింది. మన రాష్ట్రంలో ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 మార్చి నుంచి నడుస్తూనే ఉంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది జడ్జీలు చెప్పారు. ఆ తీర్పు కాలనీ కమిటీకి ఎవరు చదివి వినిపిస్తారు?

జై_హింద్_హుజూరాబాద్
మేడమ్, తప్పు చేయనివాళ్లకు కెమెరా అంటే భయమెందుకు?

లాయరమ్మ_హన్మకొండ
మీ ఇంటి కెమెరా పాస్‌వర్డ్ ఇక్కడ రాయండి, మాట్లాడుకుందాం.

ఊరికే_చూస్తా
😂 సార్ ఆఫ్‌లైన్ అయిపోయారు.

ఎల్సీ_తీసుకున్నా
కరెంటోణ్ణి కాబట్టి నా గోల నాది. కెమెరాలు చూస్తాయి, అంతవరకే. చేతులు పెట్టే రకం వేరే ఉంది. 2015 డిసెంబర్ 23, ఉక్రెయిన్‌లో మూడు కరెంటు పంపిణీ సంస్థలు. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ కూర్చుని ఉన్నాడు, మౌస్ మీద చెయ్యి లేదు, తెర మీద బాణం గుర్తు దానంతటదే కదిలింది. బ్రేకర్ మీదికి పోయింది, తెరిచింది. "ఖాయమా?" అని అడిగితే ఖాయమే అని నొక్కింది. తర్వాత ఇంకో బ్రేకర్. ఈయన మౌస్ పట్టుకుంటే వినలేదు, లాగిన్ నుంచే బయటికి నెట్టేసింది. సుమారు 2,25,000 కనెక్షన్లు చీకట్లో.

హ్యాకర్లు పోతూ పోతూ సబ్‌స్టేషన్లతో మాట్లాడే చిన్న డబ్బాల సాఫ్ట్‌వేర్ చెరిపేశారు, మళ్లీ దూరం నుంచి ఆన్ చేయడానికి వీలు లేకుండా. కంట్రోల్ రూమ్ యూపీఎస్ కూడా ఆపేశారు. జనం ఫోన్ చేస్తే తగలకుండా కాల్ సెంటర్‌కు దొంగ కాల్స్ వరద పంపారు. ఈ చివరిదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. మా దగ్గర కరెంటు పోతే సగం సమాచారం జనం ఫోన్ల నుంచే వస్తుంది.

అన్నిటికీ మొదలు ఏంటంటే, నెలల ముందు ఈమెయిల్‌లో వచ్చిన ఒక వర్డ్ ఫైలు. ఎవరో తెరిచారు, అందులో దాగిన చిన్న ప్రోగ్రాం, మాక్రో అంటారు, దాన్ని ఆన్ చేశారు.

దర్గా_కాజీపేట
@ఎల్సీ_తీసుకున్నా మరి కరెంటు ఎట్లా తెచ్చారు?

ఎల్సీ_తీసుకున్నా
మనుషులను జీపులెక్కించి సబ్‌స్టేషన్లకు పంపారు. చేత్తో బ్రేకర్లు వేశారు. ఒకటి నుంచి ఆరు గంటల్లో వచ్చేసింది. అందుకే చెప్తున్నా, మన ఊళ్లలో ఇంకా లైన్‌మన్ వెళ్లి ఎల్సీ (లైన్ క్లియర్ అనే అనుమతి) తీసుకుని, ఏబీ స్విచ్ (స్తంభం మీది మీట) చేత్తో గుంజి పని చేస్తున్నాడంటే వెనకబాటు అని నవ్వకండి. హ్యాకర్‌కు ఆ స్విచ్ అందదు. కంప్యూటర్ వద్దనడం లేదు, స్కాడా (దూరం నుంచి కంప్యూటర్‌తో నడిపే వ్యవస్థ) లేకుండా ఇంత పెద్ద గ్రిడ్ నడవదు. కానీ కంప్యూటర్ పోయిన రోజు చేత్తో నడపడం వచ్చినవాళ్లు ఉండాలి. సీనియర్లు రిటైరైపోతున్నారు, ఆ పని నేర్చుకునేవాళ్లు తగ్గుతున్నారు.

భద్రకాళి_బండ్
ఇవన్నీ ఉక్రెయిన్ కథలే. ఇక్కడ జరిగింది ఒక్కటి చెప్పండి.

ప్యాకెట్_ట్రేసర్
చెప్తా. 2019లో కూడంకుళం అణు కేంద్రం ఆఫీసు నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్‌లో మాల్వేర్ దొరికింది. ముందు కాదన్నారు, మరుసటి రోజు ఔనన్నారు. రియాక్టర్ నడిపే వ్యవస్థ వేరుగా ఉంది కాబట్టి దానికి ఏమీ కాలేదు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు లాక్ అయిపోయి రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాశారు. 2021 మార్చిలో మన రాష్ట్రం కరెంటు సంస్థలకే కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నుంచి హెచ్చరిక వచ్చింది, చైనాకు సంబంధించిన గ్రూపు మీ నెట్‌వర్క్ తడుముతోందని. అనుమానం ఉన్న ఐపీ అడ్రసులు బ్లాక్ చేశారు, నష్టం ఏమీ జరగలేదు.

ముంబైలో 2020 అక్టోబర్ 12న కరెంటు పోయింది కదా. అది సైబర్ దాడే కావచ్చని మహారాష్ట్ర మంత్రులన్నారు, మనుషుల పొరపాటే అని కేంద్ర మంత్రి అన్నారు. కాబట్టి దాన్ని నేను లెక్కలో వేయను.

భద్రకాళి_బండ్
సరే, ఆ ముంబై ముక్క పక్కన పెట్టినందుకు సంతోషం. మామూలుగా అందరూ మొదట దాన్నే చెప్తారు.

పత్తి_మిర్చి
నర్సంపేట దగ్గర మందు కొట్టే డ్రోన్ నడుపుతా, 10 లీటర్ల ట్యాంకు. నా బాధ వినండి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో కొత్త బ్యాటరీ టెస్ట్ చేద్దామని చెలకలో ఎగరేశా. పక్క ఊరోళ్లు కర్రలు పట్టుకుని వచ్చారు. "పాకిస్తాన్ డ్రోన్" అట. దాని మీద మా ఊరి సొసైటీ స్టిక్కర్ ఉంది, కింద కలుపు మందు వాసన కొడుతోంది. ఒకాయన మాత్రం "ఇదే పంజాబ్‌లో దిగింది, టీవీలో చూసిన" అంటాడు.

నవ్వులాట పక్కన పెడితే, దాని లోపల ఏముందో నాకు తెలుసు కదా, రిపేరు నేనే చేసుకుంటా. ఫ్రేము మనది, అసెంబ్లీ మనది. ఫ్లైట్ కంట్రోలర్, మోటార్లు, జీపీఎస్ ముక్క చైనావి. 2022 ఫిబ్రవరిలో తయారైన డ్రోన్ల దిగుమతి ఆపారు, విడిభాగాలు మాత్రం రావచ్చన్నారు. దాంతో అందరూ భాగాలు తెప్పించి ఇక్కడ బిగిస్తున్నారు. ఆర్మీకే 400 సరుకు మోసే డ్రోన్ల కాంట్రాక్టులు, 230 కోట్ల పైన, చైనా భాగాలున్నాయని 2025 ఫిబ్రవరిలో రద్దయ్యాయి. ఆర్మీకి దొరకనిది నాకెక్కడ దొరుకుతుంది?

పాత_హవల్దార్
@పత్తి_మిర్చి తమ్మీ, అసలు ఆట ఖర్చు దగ్గరుంది. ఆ మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వమే చెప్పింది. అన్నీ బాంబులు మోసినవి కావు. మన రాడార్ ఎక్కడ లేస్తుంది, తుపాకీ ఎక్కడ పేలుతుంది అని చూడటానికి వచ్చినవే చాలా. ఒక్కోదాని మీద కోట్ల రూపాయల మిసైల్ వేస్తే మనమే ఖాళీ అవుతాం. అందుకే గగనతల రక్షణకు వాడే పాత ఎల్-70 తుపాకులు మళ్లీ పనికొచ్చాయి. అవి నేను సర్వీస్‌లో చేరేనాటికే పాతవి. కొత్త రాడార్, కెమెరా బిగించి నిలబెడితే డ్రోన్లను కాల్చాయి. మన హైదరాబాద్‌లో బీడీఎల్ చేసిన ఆకాశ్ మిసైళ్లు కూడా ఆ రోజుల్లో వాడారు. అది విన్నప్పుడు ఛాతీ ఉబ్బింది, అబద్ధం చెప్పను.

పత్తి_మిర్చి
జామర్ పెడితే డ్రోన్ పడిపోతుంది కదా సార్? నాది సెల్ టవర్ దగ్గర పోతేనే ఒక్కోసారి తిక్కతిక్కగా చేస్తుంది.

ప్యాకెట్_ట్రేసర్
రేడియో మీద నడిచేది పడుతుంది. దానికి విరుగుడుగా ఉక్రెయిన్ యుద్ధంలో రెండు పక్షాలూ ఫైబర్ తీగతో నడిచే డ్రోన్లు తెచ్చాయి. డ్రోన్ కింద ఒక చుట్ట ఉంటుంది, పది ఇరవై కిలోమీటర్ల సన్నని గాజు తీగ. ఎగురుతుంటే అది విప్పుకుంటూ పోతుంది. సిగ్నల్ తీగలోనే పోతుంది కాబట్టి జామర్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అక్కడి పొలాల మీద ఆ తీగలు కుప్పలుగా పడి ఎండకు మెరుస్తున్న ఫొటోలు ఉన్నాయి. రేపు దున్నేవాడి గతి ఏంటో.

2025 జూన్ 1న ఇంకో రకం. ఉక్రెయిన్ వాళ్లు 117 డ్రోన్లను చెక్క గదుల పైకప్పుల కింద దాచి, లారీల మీద రష్యా లోపలికి తోలించారు. ఎయిర్‌బేస్‌ల దగ్గరికి పోయాక కప్పు తెరుచుకుంది, డ్రోన్లు లేచాయి. ఒక బేస్ సరిహద్దుకు 4,000 కిలోమీటర్ల పైన, సైబీరియాలో.

ఊరికే_చూస్తా
ఇకపై ఇటుకల లారీ కనిపించినా మా నాన్న కిందికి వంగి చూస్తాడు. ఈ లింకు ఆయనకు పంపను.

వాజేడు_వైపు
మాకు డ్రోన్ కొత్త కాదు. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల మీద బలగాలు దిగినప్పుడు రాత్రీ పగలూ హెలికాప్టర్లు, పైన డ్రోన్లు. "గుట్టల మీద బాంబులు పెట్టాం, అటు రావద్దు" అని అంతకుముందే మావోయిస్టుల పేరుతో లేఖ వచ్చింది. తునికాకు సీజన్ అది. గుట్ట ఎక్కుదామంటే కింద మందుపాతర భయం, ఎక్కకపోతే కూలి లేదు. మీరంతా శత్రు దేశం గురించి మాట్లాడుతున్నారు. మా మీద తిరిగినవి మన డ్రోన్లే. తప్పొప్పులు నేను చెప్పను. పైనుంచి ఎవరో చూస్తున్నారంటే చెంబు పట్టుకుని బయటికి పోవడానికి కూడా ఆడవాళ్లు జంకారు, అది మాత్రం రాసి పెట్టండి.

లాయరమ్మ_హన్మకొండ
@వాజేడు_వైపు రాసినందుకు థాంక్స్. ఈ ముక్క పేపర్లలో రాలేదు.

దోహా_జగిత్యాల
గల్ఫ్‌లో ఉన్నోళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2025 జూన్ 23 సాయంత్రం ఇరాన్ ఇక్కడ అమెరికా వాళ్లున్న అల్ ఉదైద్ బేస్ మీద మిసైళ్లు వేసింది. మేం క్యాంపు మిద్దె మీద నుంచి చూశాం, ఆకాశంలో నిప్పు చుక్కలు, తర్వాత దడదడ. కతర్ అంతకుముందే విమానాలు ఆపేసింది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఏడుస్తోంది. నేను బతికే ఉన్నానని చెప్తున్నా వినదు, ఊరి గ్రూప్‌లో "దోహా మొత్తం కాలిపోయింది" అని వీడియో వచ్చిందట. అది ఇంకెక్కడో పాత పేలుడు.

ఆ నెలంతా జీపీఎస్ కూడా తిక్క పట్టింది. మా రూమ్మేట్ ఓడ మీద పని చేస్తాడు. మ్యాప్‌లో ఓడ నేల మీద నిలబడినట్టు చూపించేదట. హోర్ముజ్ దగ్గర రోజుకు వందల ఓడలకు అదే గతి. జూన్ 17న రెండు ట్యాంకర్లు గుద్దుకుని మంట లేచింది.

ప్యాకెట్_ట్రేసర్
జామింగ్ అయితే జీపీఎస్ పోయిందని తెలుస్తుంది, జాగ్రత్తపడతాం. స్పూఫింగ్ అయితే దొంగ సిగ్నల్ వస్తుంది, డబ్బా దాన్నే నమ్మి నువ్వు ఇంకెక్కడో ఉన్నావని ధైర్యంగా చెప్తుంది. రెండోదే ప్రమాదం. అమృత్‌సర్, జమ్మూ వైపు 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి వరకు విమానాలకు ఇలాంటివి 465 జరిగాయని పార్లమెంటులో చెప్పారు. 2025 నవంబర్‌లో ఢిల్లీ ఎయిర్‌పోర్టు దగ్గర జరిగాక మంత్రి రామ్మోహన్ నాయుడు రాజ్యసభలో చెప్పిన జాబితాలో హైదరాబాద్ పేరు కూడా ఉంది. పైలట్లకు నేల మీది పాత నావిగేషన్ ఇంకా ఉంది కాబట్టి దిగిపోతున్నారు. ఎల్సీ అన్న చెప్పిన ఏబీ స్విచ్ లాంటిదే.

అంబలి_గిన్నె
దోహా తమ్ముడు చెప్పిన వీడియో మాటే నా మాట కూడా. ఆ మే నెలలో మా ఇంట్లో జరిగిన యుద్ధం అంతా వాట్సాప్‌లోనే. "డ్యాన్స్ ఆఫ్ ది హిల్లరీ" అని వీడియో వస్తుంది, తెరిస్తే ఫోన్ ఖాళీ అవుతుంది అని మా ఆడబిడ్డ నాలుగు గ్రూపుల్లో పెట్టింది. అలాంటి వైరస్ ఉన్నట్టు ఎవరూ చూపించలేదు. ఏటీఎంలు రెండు మూడు రోజులు మూస్తారన్నారు, మా మామయ్య ఎండలో లైన్‌లో నిలబడి డబ్బు తెచ్చుకున్నాడు, బీపీ పెంచుకున్నాడు. కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ వాళ్లు అబద్ధమని చెప్పేసరికే ఏటీఎం ఖాళీ. ఇక టీవీల్లో అయితే కరాచీ పోర్టు ఎన్నిసార్లు మునిగిందో! వీడియో గేమ్ బొమ్మలు వేసి యుద్ధం అన్నారు.

శత్రువు ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా మా మామయ్యను ఎండలో నిలబెట్టాడు. ఇది ఏ ఆయుధం కిందికి వస్తుందో మీ టెక్కులే చెప్పాలి.

పాత_హవల్దార్
అమ్మా, ఫౌజ్‌లో దానికి పెద్ద పేర్లు చాలా ఉన్నాయి. పని మాత్రం మీరు చెప్పిందే.

జై_హింద్_హుజూరాబాద్
నేను ఆఫ్‌లైన్ కాలేదు, షాపులో గిరాకీ ఉంది. పేజర్ల సంగతి మర్చిపోయారు. 2024 సెప్టెంబర్ 17న లెబనాన్‌లో వేల పేజర్లు ఒకేసారి పేలాయి, మర్నాడు వాకీటాకీలు. బ్యాటరీలోనే మందు పెట్టి అమ్మారు. అందుకే బయటి సరుకు వద్దంటున్నా. పాస్‌వర్డ్ మారిస్తే పేలుడు ఆగుతుందా?

ప్యాకెట్_ట్రేసర్
ఈ పాయింట్ గట్టిది, ఒప్పుకోవాల్సిందే. సరుకు తయారయ్యే చోటే చెడిపోతే వాడేవాడు ఏమీ చేయలేడు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ వచ్చింది కూడా అలాగే, ఉక్రెయిన్‌లో అందరూ వాడే పన్నుల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దూరి. డెన్మార్క్ ఓడల కంపెనీ మేర్స్క్ దాకా కూలిపోయింది. కానీ పేజర్లు ఒక సంస్థ మనుషుల కోసం ప్రత్యేకంగా అల్లిన ఉచ్చు. మీ షాపు మిక్సీకి ఎవరూ అంత శ్రమ పడరు. దేశానికి సరుకు ఎక్కడిదో ముఖ్యం, కాలనీకి పాస్‌వర్డ్ ముఖ్యం. రెండిటినీ కలిపితేనే గొడవ.

జై_హింద్_హుజూరాబాద్
మిక్సీలు కాదు, నాది బ్యాటరీల షాపు. ఇప్పుడు నాకే టెన్షన్ పట్టుకుంది.

దర్గా_కాజీపేట
అప్‌డేట్. నిన్న కెమెరాలు పెట్టినబ్బాయిని పిలిపించి వాచ్‌మన్ గదిలో డీవీఆర్ తెరిపించాం. డబ్బా మీద దుమ్ము, దాని మీద వాచ్‌మన్ టిఫిన్ గిన్నె. మెనూలో యూజర్ల జాబితా చూస్తే మా అడ్మిన్ ఒకటి, ఇంకో పేరు ఉంది, సర్వీస్ అని. ఇది ఎవరిదయ్యా అంటే "నాదే సార్, రిపేరుకు రాకుండా ఆఫీస్ నుంచే చూసుకోవడానికి" అన్నాడు. దాని పాస్‌వర్డ్ ఏంటంటే వాడి ఫోన్ నంబరే, విజిటింగ్ కార్డు మీద ఉన్నది. ఎన్ని కాలనీలకు ఇదే పెట్టావంటే నవ్వి ఊరుకున్నాడు. సెక్రటరీ ముఖం అప్పుడు చూడాలి.

ఎల్సీ_తీసుకున్నా
వాడిది తప్పనిపించదు వాడికి. పెట్రోలు మిగులుతుంది కదా. మా దగ్గర కూడా బయటి నుంచి లాగిన్ ఇచ్చే అలవాటు అట్లే మొదలవుతుంది, సౌకర్యం కోసం.

లాయరమ్మ_హన్మకొండ
@దర్గా_కాజీపేట ఆ సర్వీస్ యూజర్‌ను తీసేశారా లేదా? తీసేసే ముందు తెరను ఫొటో తీసి పెట్టుకోండి. రేపు ఏదైనా బయటికొస్తే అవసరం పడుతుంది. చూసే హక్కు ఇద్దరికో ముగ్గురికో, వాళ్లలో ఒక ఆడమనిషి ఉండేలా తీర్మానం రాసుకోండి.

దర్గా_కాజీపేట
తీసేశాం. ఫొటో ఉంది. తీర్మానం ఆదివారం పెడతాం. ఏడో నంబర్‌ను కిందికి వంచి గోడ, గేటు మాత్రం కనిపించేలా పెట్టించాం. పెద్దాయన నిచ్చెన పట్టుకుని దగ్గరుండి చేయించాడు.

కొత్త_మెంబర్_మంచిర్యాల
మాకు కిరాణా షాపు, నాలుగు కెమెరాలు. ఇదంతా చదివి నిద్ర పట్టలేదు. సింపుల్‌గా ఏం చేయాలో ఎవరైనా చెప్పగలరా? నాకు కంప్యూటర్ అంతగా రాదు.

ప్యాకెట్_ట్రేసర్
పెట్టినవాణ్ణి పిలిచి నీ ముందే చేయించు, నువ్వు పక్కన కూర్చో. ముందు డీవీఆర్ యూజర్ల జాబితా తెరిపించి నీకు తెలియని పేర్లు తీసేయించు, పాస్‌వర్డ్ నువ్వే టైప్ చెయ్, వాడికి చెప్పకు. తర్వాత రౌటర్‌లో యూపీఎన్‌పీ, పోర్ట్ ఫార్వర్డింగ్ రెండూ ఆపించు. బయటి నుంచి తలుపులు అక్కడే తెరుచుకుంటాయి. ఫోన్‌లో షాపు చూడాల్సిన అవసరం నిజంగా లేకపోతే డీవీఆర్‌లో పీ2పీ అనేది కూడా ఆఫ్ చేయించు. రికార్డింగ్ మామూలుగానే నడుస్తుంది. చూడాలంటావా, ఉంచుకో. కానీ డబ్బా మీది క్యూఆర్ స్టిక్కర్ పీకెయ్, దాన్ని ఫొటో తీసినవాడు సగం లోపలికి వచ్చినట్టే. గిరాకీ వాడుకునే వైఫై, కెమెరాల వైఫై వేరు చేయించు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో అడుగు. కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన మోడల్ అయితే దానికి ఇంటర్నెట్ తీగ పీకేసి, ఊరికే రికార్డు చేసుకోనీ. డబ్బులున్నప్పుడు ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ చూసి కొత్తది కొను.

పని మొత్తం గంటలోపే. వాడు డబ్బులు ఎక్కువ అడిగితే ఇక్కడ చెప్పు, కాజీపేట కుర్రాడి కార్డు మీద నంబర్ ఉందిగా.

ఊరికే_చూస్తా
అన్నా, ఆ నంబర్‌తో ఇప్పుడు ఎన్ని కాలనీలు తెరుచుకుంటాయో, ఫోన్ చేయడానికి కూడా భయమే.

కొత్త_మెంబర్_మంచిర్యాల
థాంక్స్ అన్నా. క్యూఆర్ స్టిక్కర్ మా గల్లా పెట్టె పైనే అంటించి ఉంది, పేమెంట్ క్యూఆర్ పక్కన. గిరాకీలు తెలియక దాన్ని స్కాన్ చేసి డబ్బులు పోవట్లేదని గొడవ పెట్టుకుంటుంటే ఎందుకో అనుకున్నా.